గమ్‌బూట్లలో బిళ్ళగన్నేరు: నా అనుభవం

మా వాడికి ఇరుకైపోయిన పసుపు గమ్‌బూట్లు పారేయడానికి మనసొప్పలేదు. మల్కాజిగిరిలో మా మేడ మీద పెట్టి, ఎర్రమట్టి నింపి బిళ్ళగన్నేరు నాటాను. జూలై వానలు పట్టుకోగానే ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. లాగి చూస్తే వేళ్ళు నల్లగా మెత్తబడి చేతికి అంటుకున్నాయి. నీళ్ళు పోయే దారే లేదు మరి!

మేకును పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, ఒక్కో బూటు అడుగున 5 రంధ్రాలు పెట్టాను. రబ్బరు పొగ చాలా ఘాటు, ఈ పని ఆరుబయటే చేయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. అసలు చిక్కంతా కాలివేళ్ళ దగ్గరే, నీరు నిలిచేది అక్కడే. అందుకే 5లో 3 రంధ్రాలు అక్కడే పెట్టి, పైన పగిలిన కుండపెంకులు పరిచాను. ఈసారి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్ళలో కలిపాను. రంధ్రాలు నేలకు ఆనుకుంటే మళ్ళీ మూసుకుపోతాయి కదా, బూట్లను ఇటుకల మీద నిలబెట్టాను. కింద పళ్ళెం పెట్టలేదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీటిలోనే.

కొత్త మొక్కలు నిలదొక్కుకున్నాయి. నిన్న మొదటి గులాబీరంగు పువ్వు విచ్చింది. మావాడు పక్కింటి పిల్లలందరినీ పిలుచుకొచ్చి చూపించాడు.