ఎంజీబీ ఎంఓటీలో బ్రేకుల దగ్గర ఫెయిలైందా? పార్టులు కొనేముందు చక్రం వేడి చూడండి

నా దగ్గరికి వచ్చే ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) యజమానుల్లో చాలామంది చేతిలో ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేసే కారు ఫిట్‌నెస్ పరీక్ష) ఫెయిల్ కాగితం ఒకటి, కొత్త కాలిపర్ (బ్రేక్ డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కిపట్టే భాగం) డబ్బా ఒకటి ఉంటాయి. "ముందు బ్రేకుల్లో ఎడమకీ కుడికీ తేడా" అని కాగితంలో ఉంటుంది. బలహీనంగా ఉన్న వైపు కాలిపర్ కొనేశారు, బిగించేశారు, తేడా మాత్రం పోలేదు. వాళ్లందరినీ నేను అడిగే ప్రశ్న ఒకటే: "పది మైళ్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశారా?" చూశామని చెప్పినవాళ్లు చాలా తక్కువ. రెండు నిమిషాల పని అది, పైసా ఖర్చు లేదు. దాన్ని వదిలేసి వందల పౌండ్ల పార్టులు మార్చుకుంటుంటే చూడటానికి బాధగా ఉంటుంది.

ముందుగా ఒక మాట. బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి 40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. ఎంజీబీ తయారైంది 1962 నుంచి 1980 వరకు కాబట్టి ఇప్పుడు అన్నీ ఆ వయసు దాటినవే. అయినా సరే ఏటా చేయించండి. కారుకు గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. ఆ డబ్బుకి బ్రేక్ రోలర్ల (చక్రాన్ని తిప్పుతూ బ్రేక్ బలం కొలిచే యంత్రం) మీద ఒక్కో చక్రానికి విడివిడిగా అంకె వస్తుంది, అది ఇంట్లో మనం చూసుకోలేనిది. మినహాయింపు ఉన్నా కారు సరైన స్థితిలో ఉంచే బాధ్యత నడిపేవాడిదే. ప్రమాదకరమైన స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, 3 పెనాల్టీ పాయింట్లు పడొచ్చు.

ఫెయిలైతే పాత ఎంఓటీ చరిత్ర కూడా తీసి చూడండి. ప్రభుత్వ సైట్‌లో నంబర్ కొడితే ఉచితంగా వస్తుంది. ఈ ఏడు ఫెయిలైన అంశం పోయిన ఏడు, అంతకుముందు ఏడు "గమనించండి" అని రాసి ఉంటే అది నెమ్మదిగా ముదిరే జబ్బు. ఒక్కసారిగా వచ్చిందైతే ఎవరో ఈమధ్య ఆ చోట చెయ్యి పెట్టి ఉంటారు.

లక్షణం: ముందు బ్రేకుల్లో ఎడమ కుడి తేడా, లేదా బ్రేక్ వేస్తే కారు పక్కకి లాగడం

రూల్ ఇది: ఒకే యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాల ఇరుసు) మీద బలహీనమైన చక్రం బ్రేక్ బలం, రెండో చక్రం బలంలో 70 శాతం కంటే తగ్గితే ఫెయిల్. కుడి 200, ఎడమ 120 వచ్చాయనుకోండి, 60 శాతమే కాబట్టి ఫెయిల్. స్టీరింగ్ ఉన్న యాక్సిల్ మీద 50 శాతం కంటే తగ్గితే దాన్ని ప్రమాదకరమైన లోపంగా రాస్తారు, కారు నడిపి ఇంటికి తీసుకెళ్లకూడదు.

టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందా, ప్యాడ్ల మీద గ్రీజు, ఆయిల్ పడ్డాయా, డిస్క్ తుప్పు పట్టిందా, ఇవన్నీ మీకు తెలిసినవే. చలికాలమంతా షెడ్డులో పడి ఉన్న కారుని నేరుగా పరీక్షకు తీసుకెళ్లకండి. ముందురోజు ఒక 20 మైళ్లు నడిపి, బ్రేకులు కొన్నిసార్లు గట్టిగా వేస్తే డిస్కుల మీది తుప్పు పొర పోతుంది. దీంతోనే పాసైపోయే కార్లు ఉన్నాయి.

అవన్నీ బాగున్నా తేడా పోకపోతే నేను ముందు అనుమానించేది కాలిపర్‌ని కాదు. కాలిపర్‌కి వెళ్లే రబ్బరు బ్రేక్ హోస్‌ని, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టాన్ని.

దీని దెబ్బ నేను గట్టిగానే తిన్నాను. ఒక ఎంజీబీ రోడ్‌స్టర్, ఎడమ ముందు చక్రం బలహీనం అని ఫెయిల్. ఎడమ కాలిపర్ విప్పాను, పిస్టన్లు కొద్దిగా తుప్పు పట్టి కనిపించాయి, దొరికింది దొంగ అనుకున్నాను. కొత్త కాలిపర్, కొత్త ప్యాడ్లు. పాసైంది. మరుసటి ఏడు అదే చక్రం, అదే ఫెయిల్. ప్యాడ్లు తీసి చూస్తే పైపొర గాజులా మెరుస్తోంది. ప్యాడ్లు నాసిరకం అనుకుని మళ్లీ మార్చాను. మూడోసారి ఆ కారుని నేనే దూరం నడిపి వచ్చి ఆపాక, ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వచ్చింది. చెయ్యి దగ్గరికి పెడితే సెగ తగిలింది. కుడి చక్రం మామూలుగా ఉంది. రోలర్ మీద బలహీనంగా ఉన్న చక్రమే రోడ్డు మీద ఎక్కువ వేడెక్కుతోంది! బ్రేక్ సరిగ్గా పడని చక్రం చల్లగా ఉండాలి కదా. అక్కడే నా లెక్క తప్పిందని అర్థమైంది.

జరుగుతున్నది ఇదీ. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు హోస్ లోపలి గోడ ఉబ్బుతుంది, కొన్నిసార్లు చీలి రెక్కలా వేలాడుతుంది. పైనుంచి చూస్తే పగులు ఉండదు, తడి ఉండదు. ఇన్‌స్పెక్టర్ చూసేది పైభాగమే కాబట్టి హోస్ పాస్. పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) ప్రెషర్ చాలా ఎక్కువ, ఆ ఇరుకు దారిలోంచి కూడా బ్రేక్ ఆయిల్‌ని నెట్టేస్తుంది. పెడల్ వదిలాక వెనక్కి లాగే స్ప్రింగు డిస్క్ బ్రేకులో ఉండదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొద్దిగా మెలిగి, తిరిగి సర్దుకునే బలం ఒక్కటే ఉంటుంది. అది చాలా చిన్న బలం. ఇరుకైన హోస్‌లోంచి ఆయిల్‌ని వెనక్కి పంపడం దాని వల్ల కాదు. ప్యాడ్ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది. వేడెక్కుతుంది, ఆయిల్ వ్యాకోచిస్తుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. అలా కాలి కాలి ప్యాడ్ పైపొర గాజులా మారుతుంది. ఇక పరీక్షలో ఆ చక్రమే బలహీనం. మరమ్మతు చేసేవాడు ప్యాడ్‌ని, కాలిపర్‌ని చూస్తాడు. అసలు దోషి ఒక అడుగు పక్కన శుభ్రంగా వేలాడుతూ ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. కారు రాత్రంతా చల్లారితే ఆయిల్ మెల్లగా వెనక్కి జారిపోతుంది. పొద్దున జాకీ మీద ఎత్తి చక్రం తిప్పితే హాయిగా తిరుగుతుంది. "బ్రేక్ పట్టడం లేదు, బాగానే ఉంది" అని రాసేసుకుంటాం. అందుకే ఈ పరీక్ష చల్లగా ఉన్న కారు మీద చేస్తే పనికిరాదు.

ఇలా చేయండి. ఎనిమిది పది మైళ్లు మామూలుగా నడపండి, మధ్యమధ్యలో బ్రేకులు వాడండి. చివర్లో వేగం దానంతట అదే తగ్గనిచ్చి, వెనక చక్రాల మీదే పనిచేసే హ్యాండ్ బ్రేక్‌తో మెల్లగా ఆపండి. వెంటనే దిగి ముందు రెండు చక్రాలని పోల్చండి. వైర్ వీల్స్ అయితే మధ్యలోని హబ్ నట్ దగ్గర, మామూలు చక్రాలైతే మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టండి. డిస్క్‌ని మాత్రం ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. రెండూ సమానమైన వేడిలో ఉంటే హోస్ మీద అనుమానం తగ్గించుకోవచ్చు. ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే పని అక్కడే మొదలు.

వేడి తగ్గకముందే ఆ వైపు ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం తిప్పండి. బిగుసుకుని ఉంటే రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, మాస్టర్ సిలిండర్ వైపు నుంచి మొదలుపెట్టండి. ఇనుప పైపు హోస్‌ని కలిసే చోట ఉన్న యూనియన్ నట్‌ని కొంచెం వదులు చేసి, చక్రం మళ్లీ తిప్పి చూడండి. ఇక్కడే చక్రం వదిలేస్తే ప్రెషర్ పైనుంచి వస్తోంది, హోస్ నిర్దోషి. మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌కి (పెడల్‌ని సిలిండర్‌కి కలిపే కడ్డీకి) ఖాళీ ఉందో లేదో చూడండి. ఆ లోపమైతే ఒక్క చక్రంతో ఆగదు, మిగతావి కూడా బిగుస్తాయి. యూనియన్ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉంటే, ఆ నట్ బిగించి, కాలిపర్ మీది బ్లీడ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే ప్రెషర్ హోస్‌కీ కాలిపర్‌కీ మధ్య ఇరుక్కుపోయిందన్నమాట, హోస్ పోయింది. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే అప్పుడు కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుంది, కాలిపర్‌కి డబ్బు ఖర్చు పెట్టండి. ఈ వరుస మార్చకండి. ముందే నిపుల్ తెరిస్తే ప్రెషర్ పోతుంది, ఇంకే పరీక్షా మిగలదు.

హోస్ ఒకటి పోతే మూడూ మార్చండి: ముందు రెండు, వెనక యాక్సిల్‌కి వెళ్లేది ఒకటి. వాటి వయసు ఒకటే. వెనకది పోతే లక్షణం వేరుగా ఉంటుంది, రెండు వెనక చక్రాలూ కలిసి బిగుస్తాయి. విప్పేటప్పుడు ముందు ఇనుప పైపు యూనియన్ వదలాలి, తర్వాత బ్రాకెట్ దగ్గరి లాక్‌నట్, చివర్లో కాలిపర్ నుంచి హోస్. వరుస తప్పితే ఇనుప పైపు మెలి తిరిగి అది కూడా పోతుంది. కాలిపర్ దగ్గర రాగి వాషర్ కొత్తది వేయండి. బిగించాక స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి హోస్ టైరుకి తగలడం లేదని చూడండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీయడం) చేయండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. గాజులా మారిన ప్యాడ్లని రెండు వైపులా మార్చండి, లేకపోతే హోస్ బాగై కూడా అంకె రాదు.

ఇంకో రెండు మాటలు గట్టిగా చెప్తాను. కాలిపర్ విప్పినప్పుడు దాన్ని హోస్ మీద వేలాడదీయకండి, తీగతో కట్టండి. ఆయిల్ కారకుండా హోస్‌ని పట్టుకారుతో నొక్కకండి. పైకి ఏమీ తెలియదు, లోపలి గోడ అక్కడే చీలుతుంది. "కాలిపర్ మార్చాకే ఈ సమస్య మొదలైంది" అని వచ్చే కార్లలో నేను మొదట అడిగేది ఇదే.

లక్షణం: హ్యాండ్ బ్రేక్ బలం చాలదు

సింగిల్ లైన్ బ్రేకులున్న (అన్ని చక్రాలకీ ఒకే ఆయిల్ దారి) కారుకి హ్యాండ్ బ్రేక్ బలం కారు బరువులో 25 శాతం, డ్యుయల్ సర్క్యూట్ (రెండు వేరు దారులు) ఉంటే 16 శాతం రావాలి. అందరూ కేబుల్ బిగిస్తారు, అది తప్పు. ముందు డ్రమ్ వెనకున్న చతురస్రపు అడ్జస్టర్‌తో బ్రేక్ షూలు సర్దాలి: చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. ఆ తర్వాతే కేబుల్. కేబుల్ మీద గ్రీజు నిపుల్ ఉంది, దాన్ని మరిచిపోతారు. డ్రమ్ లోపల ఆయిల్ కనిపిస్తే యాక్సిల్ గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూసి, తర్వాత సీలు మార్చండి.

లక్షణం: లైట్లు మసక, బ్రేక్ నొక్కితే ఇండికేటర్ పిచ్చిగా మిణకడం

ఎర్త్. నూటికి తొంభై సార్లు ఎర్తే. లైట్ బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్ వైపుకి ఒక వైరు పట్టుకోండి. వెలుగు పెరిగితే ఎర్త్ చోట తుప్పు గీకి, శుభ్రం చేసి బిగించండి. 1967 చివరిదాకా వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది, మధ్యలో ఎవరైనా మార్చారేమో చూసుకోకుండా ఏదీ కలపకండి.

లక్షణం: ముందు చక్రంలో ప్లే (వదులు)

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. ప్లే పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే నిలువు ఇరుసు). కింగ్‌పిన్ అరిగిందంటే గ్రీజు అందలేదని అర్థం. ఒక్కో వైపు మూడు నిపుల్స్ ఉంటాయి, ప్రతి 3,000 మైళ్లకీ కొట్టాలి. చక్రాలు గాలిలో ఉన్నప్పుడు కొడితేనే గ్రీజు లోపలికి వెళ్తుంది.

లక్షణం: పొగ పరీక్షలో ఫెయిల్

1975 ఆగస్టు 1కి ముందు రోడ్డెక్కిన కారుకి కంటితో చూసే పరీక్ష మాత్రమే. తర్వాతి వాటికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 1,200 పీపీఎం దాటకూడదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే పరీక్షించమనండి. చోక్ (చల్లని ఇంజిన్‌కి పెట్రోలు పాళ్లు పెంచేది) నాబ్ లోపలికి నొక్కినా ఎస్‌యూ కార్బురేటర్ దగ్గర లీవర్ పూర్తిగా వెనక్కి రాకపోవడం మామూలు. బానెట్ ఎత్తి కళ్లతో చూడండి. మిక్స్చర్ స్క్రూ (పెట్రోలు, గాలి పాళ్లు మార్చేది) తిప్పడం చివరి పని.

తుప్పు

సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే బాడీ భాగం) ఈ కారుకి వెన్నెముక. సస్పెన్షన్, సీట్ బెల్ట్ బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్లలో లోహం తిని ఉంటే ఫెయిల్. పైన రేకు అతికించి పెయింట్ వేస్తే కుదరదు, అంచు మొత్తం వెల్డింగ్ చేయించాలి. ఆ పని తెలిసినవాడికే ఇవ్వండి.

బ్రేక్ తేడాకి వంగిన డిస్క్, పోయిన ప్రెషర్ స్విచ్, యాక్సిల్ వంకర లాంటివి కూడా చెప్తుంటారు. ఇన్నేళ్లలో నాకు తగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైవన్నీ అయ్యాక చూడండి. ఈ ఆదివారం కారు బయటికి తీస్తే, ఇంటికి రాగానే తాళం జేబులో పెట్టుకునేముందు ముందు చక్రాలు రెండింటి దగ్గరా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.