పార్కు జాగాలో ఇళ్లు కడతామంటే అభ్యంతరం రాయడం ఎలా?

కాలనీ పార్కు కోసం వదిలిన జాగాలో అపార్ట్‌మెంట్లు వస్తాయని తెలియగానే జనం చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపు పెట్టడం. రెండోది ఎమ్మెల్యే ఇంటికి పోవడం. పొమ్మనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫైల్లోకి ఎక్కేది కాగితం ఒక్కటే. కమిషనర్ బదిలీ అయినా, ఎన్నికలొచ్చి నాయకుడు మారినా, ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసులో కాగితం అందగానే వేసే నంబరు) పడిన కాగితం అక్కడే ఉంటుంది.

ముందు పత్రాలు పోగేయండి. ఆమోదం పొందిన ఫైనల్ లేఅవుట్ నకలు, ఈ మార్పుపై అభ్యంతరాలు చెప్పమంటూ పేపర్లో వచ్చిన నోటీసు, పార్కునూ రోడ్లనూ పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ. ఈ చివరిది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ప్లాట్లు అమ్మేటప్పుడు పంచిన రంగుల బ్రోషర్ పనికిరాదు. టెంటేటివ్ (తాత్కాలిక) లేఅవుట్ కూడా వద్దు, ఫైనల్లో పార్కు ఇంకో మూలకు జరిగి ఉండొచ్చు. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దానికి జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. నోటీసు గడువు అంతకన్నా ముందే ముగుస్తుందంటే ఆగకండి, “నకలు అందాక అదనపు అభ్యంతరాలు ఇస్తాం” అని ఒక వాక్యం చేర్చి ఉన్నదాంతోనే రాయండి.

తర్వాత టేపు పట్టుకుని జాగా కొలవండి, నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి, చెట్లు లెక్కపెట్టండి. వాన నీళ్లు ఎటు పారతాయో చూసి రాసుకోండి. అరపూట పని.

ఇక రాయడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మొదటి పేరాలో మీ బాధ ఉండకూడదు. జాగా గుర్తింపు ఉండాలి. గ్రామం, సర్వే నంబరు, లేఅవుట్ ఎల్‌పీ నంబరు (ఆమోదించినప్పుడు లేఅవుట్‌కు ఇచ్చే నంబరు), నోటీసు తేదీ. సర్వే నంబరులో గీత తర్వాత వచ్చే బై నంబరు మరీ జాగ్రత్త. 112/అ అని రాయాల్సిన చోట 112/ఆ అని పడితే మీరు పక్క రైతు పొలం గురించి అభ్యంతరం చెప్పినట్టే. “సదరు స్థలానికి సంబంధం లేదు” అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేయొచ్చు. టైపు చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు గిఫ్ట్ డీడ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి.

రెండో పేరాలో కారణాలు. “మా బాల్కనీకి గాలి రాదు”, “మా ఫ్లాట్ల ధర పడిపోతుంది” లాంటివి నిజమే కావచ్చు, కానీ అవి మీ సొంత నష్టాలు. “ఎవరెవరో వచ్చి చేరతారు” అన్న వాక్యం ఒక్కటి కనిపించినా మిగతా పేజీ అంతా చదివేవాళ్ల కంటికి అసూయలా తోస్తుంది. కొట్టేయండి. దాని బదులు ఇలా రాయండి: “ఫలానా ఎల్‌పీ నంబరు లేఅవుట్‌లో పార్కుగా చూపి, ఫలానా డాక్యుమెంటు ద్వారా మున్సిపాలిటీకి దఖలుపరచిన స్థలమిది. దీన్ని నివాస స్థలంగా మార్చడానికి మేము అభ్యంతరం తెలుపుతున్నాము.” దీంట్లో ఏడుపు లేదు, కానీ జవాబు చెప్పక తప్పని మాట ఉంది.

ఇలాంటి వాదనకు బలం కావాలంటే 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే కాలనీవాసులు కోర్టుకెక్కి గెలిచిన కేసు, బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు. ఆసుపత్రికే కుదరదన్నప్పుడు అపార్ట్‌మెంట్లకు ఎలా కుదురుతుందని అడగొచ్చు. తీర్పు గురించి ఒక్క వాక్యం చాలు, పేజీలకు పేజీలు జిరాక్స్ తీసి జత చేయకండి. తెలంగాణలో చెరువు పక్క జాగా అయితే 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168 చూడండి: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి.

మూడో పేరా చాలామంది అసలు రాయరు. ఏం కావాలో అడగాలి. ముందు “మార్పు తిరస్కరించండి” అనండి. దాని కిందే, “ఒకవేళ అనుమతిస్తే” అని మొదలుపెట్టి షరతులు పెట్టండి: ఖాళీ జాగా ముక్కలు ముక్కలుగా కాక ఒకే చోట ఉండాలి, కరెంటు టవర్ల కింది పట్టీని పార్కుగా లెక్కగట్టకూడదు, మొదటి ఇంటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరడానికి ఇచ్చే అనుమతి పత్రం) ఇచ్చేలోపే పార్కు రిజిస్ట్రేషన్ అయిపోవాలి. అలా రాస్తే ఒప్పుకున్నట్టే కదా అని ప్రతి కాలనీలోనూ ఒక పెద్దమనిషి అడ్డం పడతాడు. కాదండీ. ఆ పేరా లేకపోతే అనుమతి వచ్చిన రోజున మీ చేతిలో ఏమీ మిగలదు.

మొత్తం ఒకటిన్నర పేజీ దాటకూడదు. వందమంది సంతకాలున్న ఒకే కాగితం ఒకే అభ్యంతరంగా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. ఇంటికో కాగితం, ఎవరి మాటల్లో వాళ్లు రాసి ఇవ్వండి. నీలం సిరాతో సంతకం చేయడం మేలు, నల్లది అయితే జిరాక్స్ అనుకోవచ్చు.

ధర్నా చేస్తే ఫొటో పేపర్లో వస్తుంది, మర్నాటికి పాతబడిపోతుంది. ప్రజాభిప్రాయ సేకరణ మీటింగు పెడతారు, అప్పుడు చూసుకుందాం అని కూర్చునేవాళ్లూ ఉన్నారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి పర్యావరణ అనుమతి కావాలి గానీ, ఈ భవన ప్రాజెక్టులకు ఆ మీటింగు మినహాయించారు. మీరు ఎదురుచూస్తుంటే అవతల అనుమతి వచ్చేస్తుంది. పర్యావరణ అనుమతుల దరఖాస్తులు ఉండే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో ప్రాజెక్టు పేరు వెతికి చూసుకోండి.

ఇవ్వడం తేలిక. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే రోజు, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టు. విచారణకు పిలిస్తే ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు వెనక కూర్చోవాలి. ఉత్తర్వు వచ్చాక నకలు తీసుకుని మీ మూడో పేరాలో ఏ షరతు చేరిందో, ఏది జారిపోయిందో టిక్కులు పెట్టుకోండి. జారిపోయినవాటి మీద అప్పీలుకు గడువు ఎంతో ఆ వారంలోనే వకీలును అడగండి.