బడి బాగోలేదు సరే, లోపం ఎక్కడుంది?

సర్కారు ప్రాథమిక బడి గురించి నలుగురు తల్లిదండ్రులు మాట్లాడుకుంటే పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: "హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) సరిగ్గా లేడు, అందుకే బడి ఇట్లా ఉంది." నేనూ అలా తీర్పులిచ్చినదాన్నే. తర్వాత రెండేళ్లు మా పిల్లల బడి యాజమాన్య కమిటీలో, అంటే బడి బాగోగులు చూసే తల్లిదండ్రుల కమిటీలో, సభ్యురాలిగా ఉన్నాను. అప్పుడు తెలిసొచ్చింది. హెచ్‌ఎం చేయలేనివి కొన్ని, చేయగలిగీ చేయనివి కొన్ని. ఇంకొన్ని బడుల్లో ఆ కుర్చీకంటూ ఒక మనిషే ఉండరు. బయటి నుంచి చూసేవాళ్లకు మూడూ ఒకటే. మందు మాత్రం మూడింటికీ వేరు. ఏ జబ్బుకు ఏ మందో తెలియక మేం ఒక ఏడాది పోగొట్టుకున్నాం కాబట్టి ఇది రాస్తున్నా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు పనికొస్తుంది. చాలావరకు దీనికి ఆధారం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం.

సమస్య: కమిటీ ఉందంటారు, ఎప్పుడు కూర్చుందో ఎవరికీ తెలియదు

అన్నిటికంటే ముందు దీన్ని చూడండి. బడి గేటు దగ్గర ఐదుగురు తల్లులను "మన కమిటీ చైర్మన్ ఎవరు?" అని అడగండి. ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మీ బడికి కాగితం కమిటీ ఉన్నట్టు. ఇంకో గుర్తు కూడా ఉంది. నెలాఖరుకు ఆయమ్మ మినిట్స్ బుక్కు (మీటింగు తీర్మానాలు రాసే పుస్తకం) పట్టుకుని ఇంటికొచ్చి, "ఇక్కడో సంతకం పెట్టమ్మా, సారు పంపారు" అంటుంది. నేను అలా మూడుసార్లు పెట్టాను. నాలుగోసారి ఎందుకో పైన రాసింది చదివాను. బడికి సున్నం వేయించాలని అందరం ఏకగ్రీవంగా తీర్మానించామట! గోడలు చూస్తే సున్నం చూసి ఎన్నేళ్లయిందో. కోపంతో ఊగిపోయాను గానీ, ఆ పుస్తకం తిరగేస్తే కింద మూడుచోట్ల ఉన్నది నా సంతకమే.

ఎందుకిలా అవుతుంది? ఎన్నిక రోజు ఎవరూ రారు. కోరం (ఉండాల్సిన కనీస హాజరు) కావాలి కాబట్టి ఎదురు చెప్పనివాళ్ల పేర్లు హెచ్‌ఎం రాసుకుంటారు, లేదంటే ఊరి పెద్దమనిషి చీటీ మీద రాసి పంపుతాడు. తర్వాత మీటింగు పెట్టినా పొద్దున పదకొండింటికి పెడతారు. ఆ వేళకు కూలికి పోయే తల్లి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. రాదు. రాలేదు కాబట్టి పుస్తకమే ఇంటికి నడిచొస్తుంది.

చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. మన దగ్గర నిబంధనల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు అని ఉంది. చైర్మన్ తల్లిదండ్రుల్లోంచే రావాలి. హెచ్‌ఎం సభ్య కన్వీనర్ మాత్రమే, అంటే మీటింగు పిలవడం ఆయన పని, నడపడం మన పని. ఈ తేడా తెలియక ఎన్నో కమిటీలు హెచ్‌ఎం చెప్పింది విని, చాయ్ తాగి, లేచి వచ్చేస్తుంటాయి.

ఇక చేయాల్సింది. ఇంటికొచ్చిన పుస్తకంలో సంతకం పెట్టకండి. గొడవ పడక్కర్లేదు. "మీటింగులో పెడతాను, ఎప్పుడు పెడుతున్నారో సారును అడిగి చెప్పమ్మా" అంటే చాలు. మేం నలుగురం ఈ ఒక్కమాట అన్నాక నెల తిరక్కుండా మా మొదటి నిజం మీటింగు జరిగింది. సమయం బడి విడిచే వేళకు మార్పించాం. అప్పటి నుంచి ప్రతి తీర్మానం కింద ఆ పని ఎవరు చేయాలి, ఏ తేదీలోగా చేయాలి అని రాయించేవాళ్లం. చదివి వినిపించాక, ఖాళీ గీతలు కొట్టేశాక సంతకం. ఈ కొట్టేయడం చిన్నతనంగా అనిపిస్తుంది కానీ సున్నం తీర్మానాలు పుట్టేది ఆ ఖాళీలోనే.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఒక మాట. 2024లో అక్కడ బడి మరమ్మతులు చూడటానికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికి మహిళా సంఘాల నాయకురాళ్లు అధ్యక్షులు. మరమ్మతు పనుల లెక్క ఏ కమిటీ పుస్తకంలో ఉందో ముందే కనుక్కోండి, లేకపోతే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తూ మిమ్మల్ని తిప్పుతారు.

సమస్య: తరగతిలో పిల్లలున్నారు, టీచర్ లేరు

వెంటనే ఫోను తీసి వీడియో చేసి గ్రూపులో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ వీడియో ఊరు దాటేసరికి తగువు పిల్లల చదువు మీద నుంచి టీచర్ల పరువు మీదకు మారిపోతుంది. టీచర్ల సంఘాలు దిగుతాయి. పైగా పక్కింటి పిల్లల ముఖాలన్నీ అందులో ఉంటాయి.

వీడియో బదులు రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి: తేదీ, వేళ, ఏ తరగతి, ఎవరు లేరు. ఆ తర్వాత కారణం అడగండి. నాలుగు రకాల జవాబులు వస్తాయి. సెలవు, శిక్షణ, ఎన్నికల పని లాంటి డ్యూటీ, ఇంకో బడికి సర్దుబాటు. నాలుగింటికీ కాగితం ఉంటుంది. కాగితం లేకుండా మనిషి లేకపోతే మాత్రం అది గైర్హాజరు, అప్పుడు తప్పు హెచ్‌ఎందే. సంతకాల రిజిస్టరు ఆయన బల్ల మీదే ఉంటుంది కదా.

డ్యూటీల విషయంలో 27వ సెక్షన్ గుర్తు పెట్టుకోండి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు - ఈ మూడు తప్ప చదువుకు సంబంధంలేని పనులకు టీచర్లను పంపకూడదు. ఆ మూడు కాని పనికి పంపితే పంపిన పైవాళ్లను అడగాలి, వెళ్లిన టీచరును కాదు. సర్దుబాటు మీద పంపితే మీ ప్రశ్న ఒకటే: "ఆర్డరు ఎన్నాళ్లకు?" గడువు అయిపోయినా తిరిగి రాని టీచర్ మీ బడి లెక్కలో ఉంటారు, మీ పిల్లల ముందు ఉండరు. మా దగ్గర రెండో తరగతికి ఒక ఏడాదంతా జరిగింది ఇదే. అన్నాళ్లూ మేం తిట్టింది మాత్రం హెచ్‌ఎంని.

సమస్య: ఏది అడిగినా "నా చేతిలో ఏం లేదమ్మా"

సగం సార్లు అది నిజం. చట్టం షెడ్యూలు చూడండి. ప్రాథమిక బడిలో పిల్లలు 60 మందిలోపు ఉంటే ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు. విడిగా ప్రధానోపాధ్యాయుడు కావాలని చట్టం చెప్పేది పిల్లలు 150 దాటాకే. మన దగ్గర కొన్ని బడుల్లో ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎం (ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయుడు) పోస్టులున్నాయి. అవి లేనిచోట చాలావరకు సీనియర్ ఎస్‌జీటీయే (ప్రాథమిక తరగతుల టీచర్) ఇన్‌చార్జి. అంటే 45 మంది పిల్లలున్న బడిలో ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవాలి, ఆ ఇద్దరిలో ఒకరు బియ్యం లెక్క చూడాలి, యాప్‌లో హాజరు ఎక్కించాలి, మండల కేంద్రంలో మీటింగుకు పోవాలి. ఆ మనిషిని "నాయకత్వం లేదు" అని నిలదీసి లాభం లేదు.

అందుకే ఏది ఎవరి చేతిలో ఉందో వేరు చేసుకోండి. టైంటేబుల్, రిజిస్టర్లు, మీటింగు, భోజనం రుచి చూడటం, వచ్చిన గ్రాంటు ఖర్చు - ఇవి బడివి. వీటికి "నా చేతిలో లేదు" అంటే ఒప్పుకోకండి. సర్దుబాటు, సెలవులో ఉన్నవాళ్ల బదులు ఇంకొకరిని వేయడం లాంటివి ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గర మొదలవుతాయి. ఖాళీ పోస్టు, కొత్త గది అంతకంటే పైన తేలతాయి. పైన తేలేవాటికి కింది నుంచి వెళ్లాల్సిన కాగితం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. 22వ సెక్షన్ దాన్ని రాసే బాధ్యత కమిటీకి అప్పగించింది. చాలాచోట్ల దాన్ని నిరుటి కాగితం చూసి దించేస్తారు. మీ బడి ప్రణాళిక అడిగి చూడండి. కూలిపోయిన ప్రహరీ అందులో ఇంకా చెక్కుచెదరకుండా నిలబడి ఉంటే ఎవరూ చదవలేదని అర్థం.

సమస్య: గ్రాంటు వచ్చిందట, ఏమైందో తెలియదు

సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద బడికి ఏటా ఉమ్మడి గ్రాంటు (బడి చిన్న ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే డబ్బు) ఉంటుంది. కేంద్రం పెట్టిన కొలత ఇది: 30 మంది వరకు 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పోవాలి. ఇది గరిష్ఠ పరిమితి. ఏటా మొత్తం వస్తుందని కాదు, అనుకున్న నెలలో వస్తుందని అంతకంటే కాదు.

అనుమానం వచ్చినప్పుడు "తిన్నారు" అనే మాటతో మొదలుపెట్టకండి. ముందు మూడు అడగండి. ఎంత మంజూరైంది? ఎంత తీశారు? బిల్లులేవి? ఇప్పుడు చాలావరకు బడి ఖాతాలో డబ్బు నిల్వ ఉండదు, ఇంతవరకు వాడుకోవచ్చనే పరిమితి మాత్రమే కనిపిస్తుంది. మార్చి దాటితే అదీ పోవచ్చు. నేను చూసినంతలో తినేసిన డబ్బుకంటే, ఆడిట్‌కు భయపడి వాడకుండా వదిలేసిన డబ్బే ఎక్కువ. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, గ్రాంటు మాత్రం వెనక్కి పోయింది. దీనికి మందు కమిటీ తీర్మానమే. నలుగురి సంతకాలతో "ఈ డబ్బుతో ముందు గడియలు, తర్వాత కుళాయి" అని రాసిస్తే హెచ్‌ఎంకూ ధైర్యం వస్తుంది. ఖర్చయ్యాక లెక్కను నోటీసు బోర్డు మీద అంటించమనండి.

తీర్మానం ఉండి, బిల్లు ఉండి, వస్తువు లేకపోతే అది వేరే కథ. దానికి కింద చెప్పే ఫిర్యాదు దారి పట్టాలి.

సమస్య: పప్పులో నీళ్లే ఉన్నాయి

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని కొలత. హాజరు పట్టీలో ఎంతమంది, విస్తళ్ల ముందు ఎంతమంది - ముందు ఈ రెండు అంకెలు పోల్చండి. తేడా ఉంటే అడగాల్సింది హెచ్‌ఎంని. తేడా లేకపోయినా పప్పు పలచగానే ఉంటే వంట చేసేవాళ్ల బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదో కనుక్కోండి. అప్పు తెచ్చి వండేవాళ్ల మీద అరిస్తే పప్పు చిక్కబడదు. కమిటీ తల్లులు వంతులేసుకుని వారానికి రెండురోజులు రుచి చూసి రిజిస్టరులో రాస్తే చాలా మార్పు వస్తుంది.

సమస్య: నాలుగో తరగతికొచ్చాడు, వాక్యం చదవలేడు

ఇది పంతులమ్మ ఒక్కరి లోపమా, బడి లోపమా? ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. కింది తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ ఇచ్చి, మీ పిల్లాడితో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురితో చదివించండి. ఒక్కడే ఆగిపోతే వాడి సంగతి వేరే చూడాలి. అందరూ ఆగిపోతే, ఎవరెక్కడున్నారో బడిలో ఎవరూ చూడటం లేదు. చట్టం 24వ సెక్షన్ ప్రతి పిల్లవాడు ఎంతవరకు నేర్చుకోగలడో చూసి, అవసరమైతే అదనంగా నేర్పమని, తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడమని టీచర్లకు చెబుతుంది. మీటింగులో "మా వాడికి రావట్లేదు" అనకండి, దానికి "ఇంట్లో చదివించండి" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. "నాలుగో తరగతిలో ఎంతమంది వాక్యం చదవగలరు? సంక్రాంతి సెలవుల తర్వాత ఎంతమంది చదవగలగాలి?" అని అడగండి. ఆ రెండు అంకెలు మినిట్స్ బుక్కులోకి ఎక్కాలి.

సమస్య: ఫిర్యాదు చేశాం, కదలలేదు

నోటితో చేసి ఉంటారు. లేదా ఒకే కాగితంలో పదకొండు సమస్యలు రాసి ఉంటారు. ఒక కాగితానికి ఒక సమస్య, నోటుపుస్తకంలోని తేదీలు, మీకేం కావాలో ఒక వాక్యం, అంతే. ముందు హెచ్‌ఎం, తర్వాత ఎంఈఓ, ఆపైన డిప్యూటీ ఈఓ (ఉప విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ లాంటిది) రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తీర్పు నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలుంది. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కాగితాలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

"మా పిల్లాడి మీద కక్ష పెట్టుకుంటారేమో" అనే భయం ఉంటుంది. నాకూ ఉండేది. 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ సెక్షను చదువుకున్నంత మాత్రాన రాత్రి నిద్ర పట్టదు. అందుకే మేం ఎప్పుడూ ఒక్కరి పేరుతో కాగితం ఇవ్వలేదు. ముందు కమిటీలో తీర్మానం, దాని నకలుతో ఫిర్యాదు, కింద వరుసగా సంతకాలు. ఎవరి పిల్లాడని వెతుకుతారు? కాగితం ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న ప్రతిని మినిట్స్ బుక్కులో అతికించి, వచ్చే నెల మీటింగులో మొదటి అంశంగా దాన్నే చదవండి.