కాలేజీలో చేరాలా, వద్దా: నిర్ణయానికి ముందు వేయవలసిన లెక్క

ఫీజులు పెరగడం, పట్టా చేతికొచ్చినా తగిన ఉద్యోగం దొరకకపోవడం, ఎన్నో నైపుణ్యాలను ఆన్‌లైన్‌లోనే నేర్చుకునే వీలు కలగడం వంటి కారణాలతో కాలేజీకి దూరమవుతున్న యువత, ఆ నిర్ణయాన్ని విసుగుతో కాక లెక్కతో తీసుకోవాలి.

ముందుగా, మీరు కోరుకునే వృత్తికి పట్టా చట్టం విధించిన అర్హతేమో చూడండి. వైద్యం వంటి వాటికి దగ్గరి దారి లేదు.

తరువాత అసలు ఖర్చు కట్టండి. ఫీజుతో పాటు, చదివే నాలుగేళ్లలో సంపాదించే వీలుండీ వదులుకున్న జీతాన్ని కూడా కలపాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. అప్పు తీసుకుంటే, ఏటా 10 శాతం చక్రవడ్డీ చొప్పున, మొదట్లో తీసుకున్న ప్రతి 100 రూపాయల అప్పు, నాలుగేళ్లు కట్టకుండా వదిలేస్తే 146 రూపాయలు దాటుతుంది.

రాబడి వైపు, కాలేజీలు ప్రచారం చేసే అత్యధిక జీతాన్ని నమ్మకండి (అది ఒక్క విద్యార్థిదే కావచ్చు). మధ్యస్థ జీతమెంతో (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం), ఎంతమంది చదువు మధ్యలో మానేశారో అడగండి.

కాలేజీ వద్దనుకుంటే, దాని స్థానంలో ఏం చేస్తారో రాసిపెట్టుకోండి. జర్మనీలో జీతం తీసుకుంటూ సుమారు 2 నుంచి 3.5 ఏళ్లలో వృత్తి నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ వ్యవస్థ ఉంది. అటువంటి ఏర్పాటు అందుబాటులో లేనివారు, తమ పనితనాన్ని చూపే నమూనాలను తామే సమకూర్చుకోవలసి ఉంటుంది. ఇంకా తేలకపోతే, సీటును ఏడాది వాయిదా వేయగలరేమో కాలేజీని రాతపూర్వకంగా అడగండి.