రాండమ్ నంబరు ఐడీ కాదు: టోకెన్ యాప్‌లో ఒకే నంబరు రెండుసార్లు పడకుండా చేయడం

చిత్తూరు వైపు తోతాపురి కోతలు మొదలైతే పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. వాటికి టోకెన్లిచ్చే యాప్ రాస్తున్నారనుకోండి. చాలామంది చేసేది ఒకటే: ఏదో ఒక నంబరు ఇచ్చే ఫంక్షన్ మ్యాథ్ డాట్ రాండమ్‌తో 100000 నుంచి 999999 లోపు ఒక నంబరు తీసి దాన్నే ఐడీగా పెట్టేస్తారు. తొమ్మిది లక్షల నంబర్లున్నాయి, వచ్చేది రోజుకు మూడు నాలుగు వందల బండ్లు, ఎక్కడ కలుస్తాయిలే అని ధీమా.

కలుస్తాయి. కొత్త నంబరు అంతకుముందు ఇచ్చిన వాటిలో ఏ ఒక్కదానితో కలిసినా చాలు. 1,118 టోకెన్లు ఇచ్చేసరికి వాటి మధ్య 6,24,403 జతలు ఏర్పడతాయి, ఎక్కడో ఒకచోట రెండు ఒకటయ్యే అవకాశం అక్కడికే సగం దాటుతుంది. 3,000 టోకెన్లకు 99 శాతం పైనే. అంటే సీజన్ మొదటి పది రోజుల్లోపే. రాండమ్ ఫంక్షన్ తప్పేమీ లేదు, పాచికకు ఇంతకుముందు పడిన అంకె గుర్తుండదు కదా. చిక్కంతా కాటా దగ్గర బయటపడుతుంది. టోకెన్ కొడితే పాత రైతు పేరు వస్తుంది, ఈ బండి తూకం ఆయన ఖాతాలో పడుతుంది. తూకం చీటీ చేతికిచ్చాక దాన్ని సరిచేయడం నరకం.

మొదట ఒక్క నంబరుతో మూడు పనులు చేయించడం మానండి. టేబుల్ ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే ఐడీ) వేరు, రైతుకు చెప్పే టోకెన్ వేరు, ఎస్ఎంఎస్ లింకులో పెట్టే రహస్య కోడ్ వేరు.

ప్రైమరీ కీ డేటాబేస్‌నే ఇవ్వనివ్వండి, వరుస సంఖ్య చాలు. రోల్‌బ్యాక్ (సగంలో ఆగిన పనిని డేటాబేస్ వెనక్కి తీసుకోవడం) అయినప్పుడు మధ్యలో కొన్ని అంకెలు ఎగిరిపోతాయి, దానికి కంగారు పడక్కర్లేదు. సిగ్నల్ లేని తోటలో ఫోనే ఐడీ తయారు చేయాలంటే యూయూఐడీ (ఎక్కడ తయారు చేసినా ఇంకోదానితో కలవకుండా రూపొందించిన పొడవాటి ఐడీ) వాడండి. వెర్షన్ 4లో 122 రాండమ్ బిట్లుంటాయి, మన అవసరానికి అవి ఎక్కువే. వెర్షన్ 7లో మొదటి 48 బిట్లు మిల్లీసెకన్ల టైమ్, కాబట్టి డేటాబేస్ వెతకడానికి ఉంచుకునే సూచికలో (ఇండెక్స్) వరుసగా కూర్చుంటుంది. పొడుగ్గా ఉందని మొదటి 8 అక్షరాలే ఉంచుకోవద్దు. వెర్షన్ 4ను అలా కోస్తే మిగిలేది 32 బిట్లు, సుమారు 77 వేల ఐడీలకే ఢీకొనే అవకాశం సగానికి చేరుతుంది. వెర్షన్ 7ను కోస్తే ఇంకా ఘోరం: ఆ 8 అక్షరాలు 65 సెకన్లకు ఒకసారి గానీ మారవు!

రహస్య కోడ్‌కు మాత్రం రాండమే కావాలి, అదీ ఊహించలేనిది. మ్యాథ్ డాట్ రాండమ్ ఇక్కడ పనికిరాదు. జావాస్క్రిప్ట్‌లో క్రిప్టో, పైథాన్‌లో సీక్రెట్స్ వాడి 16 బైట్లు తీసుకోండి.

ఇక టోకెన్. తేదీ, దాని పక్కన 1 నుంచి వరుస సంఖ్య. ఇంతకంటే మంచిది లేదనే మా అభిప్రాయం, గేటు దగ్గర "నూట పన్నెండు" అని కేకేస్తే రైతుకు అర్థమవుతుంది. ఎన్ని బండ్లొచ్చాయో బయటికి తెలియకూడదని యజమాని పట్టుబడితే, సీజన్ మొత్తానికి ఒకే వరుస నడిపి, ఆ సంఖ్యను 524287తో గుణించి, 9,00,000తో భాగించి, శేషానికి 1,00,000 కలపండి. 1కి 624287, 2కి 248574, 3కి 772861 వస్తాయి. 524287కూ 9,00,000కూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కనుక తొమ్మిది లక్షల దాకా ఏదీ మళ్లీ రాదు. జావాలో ఇంట్ అనే చిన్న సంఖ్యా రకం వాడితే 4,097వ టోకెన్ దగ్గర గుణకారం పరిధి దాటిపోతుంది, పెద్దదైన లాంగ్ వాడండి. ఇది చూపుకు కలగాపులగం చేయడమే, రహస్యం కాదు. రెండు మూడు టోకెన్లు చూసినవాడు గుట్టు పట్టేయగలడు.

ఏ పద్ధతైనా టోకెన్ కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువను రెండోసారి రానివ్వని నిబంధన) తప్పనిసరి. తేదీ పద్ధతైతే తేదీ, నంబరు రెండూ కలిపి పెట్టండి. "ముందు సెలెక్ట్ చేసి (ఉందేమో వెతికి), లేకపోతే ఇన్సర్ట్ చేస్తాం (కొత్తగా చేరుస్తాం)" అంటే కుదరదు. రెండు గేట్లలో ఒకేసారి బటన్ నొక్కితే రెండు సెలెక్ట్‌లకూ "లేదు" అనే వస్తుంది. నేరుగా ఇన్సర్ట్ చేసి ఎర్రర్ పట్టుకోండి, దాని కోడ్ డేటాబేస్‌ను బట్టి ఉంటుంది: పోస్ట్‌గ్రెస్‌లో 23505, మైఎస్‌క్యూఎల్‌లో 1062. పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఎర్రర్ వచ్చాక ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా నడిచే పనులు) మొత్తం చెడిపోతుంది, మళ్లీ ప్రయత్నించాలంటే సేవ్‌పాయింట్ (మధ్యలో వెనక్కి రాగలిగే గుర్తు) గానీ, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ఢీకొంటే ఏమీ చేయకు అనే ఆదేశం) గానీ ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. అక్షరాలు కలిసిన కోడ్ కాలమ్‌కు బైనరీ కొలేషన్ పెట్టండి.

దీనికి ఎదురు సమస్య ఒకటుంది, ఒకే బండికి రెండు టోకెన్లు. నెట్ నెమ్మదించి ఆపరేటరు మళ్లీ నొక్కితే జరుగుతుంది. బండి వివరాల ఫారం తెరిచినప్పుడే ఫోన్‌లో ఒక యూయూఐడీ తీసి, ఎన్నిసార్లు నొక్కినా దాన్నే పంపండి, ఆ కాలమ్‌కూ యూనిక్ పెట్టండి. ఎర్రర్‌లో ఏ కన్‌స్ట్రెయింట్ పేరుందో చూడాలి: ఈ యూయూఐడీ కాలమ్‌దైతే పాత టోకెన్నే తిరిగివ్వండి, టోకెన్ నంబరుదైతే కొత్తది తీయండి.

పరీక్ష సులభం. రాండమ్ పద్ధతే ఇంకా ఎక్కడైనా వాడుతుంటే, టెస్ట్‌లో పరిధిని 1 నుంచి 10కి కుదించండి. ఐదు టోకెన్లకే ఢీకొనే అవకాశం 70 శాతం, కాబట్టి మళ్లీ ప్రయత్నించే (రీట్రై) కోడ్ నిజంగా నడుస్తుందో లేదో అక్కడే తేలుతుంది. 11వ టోకెన్ అడిగినప్పుడు లూప్‌లో తిరుగుతూ కూర్చోకుండా, ఐదారు ప్రయత్నాల తర్వాత స్పష్టమైన ఎర్రర్‌తో ఆగిపోవాలి.