యుద్ధం చూసిన పిల్లలతో ఎలా మెలగాలి

శిబిరానికి చేరిన పిల్లవాణ్ణి ముందు ఆకలి, దాహం, నొప్పి గురించి అడగండి. ఎవరితో వచ్చాడో కనుక్కోండి. చూసిందంతా చెప్పమని పట్టుబట్టొద్దు. బలవంతంగా చెప్పిస్తే ఆ భయమంతా మళ్లీ పైకి లేస్తుంది. తనంతట తాను చెబితే మాత్రం అడ్డురాకుండా వినండి.

తోబుట్టువుల్ని విడదీయకండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో పిల్లల సంరక్షణాలయాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్, బాంబుదాడుల కన్నా తల్లికి దూరమవడమే పసివాళ్లను ఎక్కువగా కుంగదీస్తోందని గమనించారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాసిన చీటీ లోపలి జేబులో పెట్టండి. అందరికీ కనబడేలా మెడలో వేస్తే ఎవరైనా వాళ్లవాళ్లమని చెప్పి తీసుకుపోవచ్చు.

తిండి, నిద్ర, చదువు రోజూ ఒకే వేళకు జరగాలి. పక్క తడిపితే తిట్టకండి. ఈ స్థితిలో అది మామూలే. నెల దాటినా పీడకలలు, భయాలు తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించండి. తిండి మానేసినా, చచ్చిపోతానన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

బొమ్మల్ని పేల్చి, పూడ్చే ఆట ఆడుతుంటే ఆడనివ్వండి. రోజూ అదే ఆట ఆడి, ఆడాక ఇంకా బెదిరిపోతుంటే పక్కన కూర్చుని, ‘ఇప్పుడు అంబులెన్సు వస్తే?’ అని అడిగి ఆటకు మరో దారి చూపండి.

నాన్న చనిపోతే ‘నిద్రపోయాడు’ అనకండి, పిల్లలు నిద్రకే జడుసుకుంటారు. ‘చనిపోయాడు, ఇక రాడు’ అనే చెప్పాలి. అయిదేళ్లలోపు వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబివ్వండి.

అన్నిటికన్నా కష్టం ద్వేషంతోనే. ‘పెద్దయ్యాక వాళ్లందర్నీ చంపేస్తా’ అన్న పిల్లవాణ్ణి కసరకండి, వీరుడని మెచ్చుకోకండి. మెచ్చుకోవడమే ఎక్కువ ప్రమాదం, ఆ మాటే వాడికి గుర్తింపు అయిపోతుంది. ‘చాలా కోపంగా ఉంది కదూ, ఎవరేం చేశారు?’ అని అడగండి. మీ నోట కూడా జాతి పేరో మతం పేరో రానివ్వకుండా ‘మన ఇల్లు తగలబెట్టినవాళ్లు’ అనండి. నేరం చేసినవాళ్లు వేరు, వాళ్ల భాష మాట్లాడే జనమంతా వేరు అన్నది పిల్లలకు పెద్దల మాటల్లోంచే తెలుస్తుంది. పిల్లలు పడుకున్నారనుకుని పక్కనే దాడుల వీడియోలు చూడటం, శాపనార్థాలు పెట్టడం మానండి; చాలామంది మేలుకునే ఉంటారు.

పన్నెండేళ్లు దాటిన వాళ్లను ఖాళీగా ఉంచొద్దు. సాయుధ ముఠాలు అలాంటివాళ్లకే తిండి, తుపాకీ, పగ తీర్చుకునే అవకాశం ఎర వేస్తాయి. బాలల హక్కుల ఒడంబడికకు అనుబంధంగా 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఐచ్ఛిక ఒప్పందం ప్రకారం ముఠాలు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను చేర్చుకోకూడదు, కానీ కాగితం కాపలా కాయదు. నీళ్ల పంపిణీ చూడటం, చిన్నవాళ్లకు అక్షరాలు నేర్పడం లాంటి పనులు వాళ్లకు అప్పగించండి. కొత్తవాళ్లు తరచూ వచ్చి పోతుంటే శిబిర నిర్వాహకులకు అదేరోజు చెప్పండి.