మా వెంచర్‌లో ఏడు స్టేజీలు: పిట్టల్నీ పిచ్చిమొక్కల్నీ చూసే పద్ధతి

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. పాలమూరు నుంచి కొల్లాపూర్, అచ్చంపేట, శ్రీశైలం బండ్లు. రిటైరయ్యాక ఊరి బయట కొత్త వెంచర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ సగం ప్లాట్లు ఖాళీ. హద్దురాళ్లు, సర్కారు తుమ్మ, పాడుబడ్డ బావి ఒకటి, నాలుగు గుండ్లు. షుగర్ వచ్చింది, పొద్దున్నే నడవమన్నాడు డాక్టరు. ఉత్తగ నడవాలంటే నాకు విసుగు. ఆ విసుగు పోగొట్టుకోవడానికి పిట్టల్ని చూడడం మొదలుపెట్టాను. ఏడేళ్లయింది. తొమ్మిది నోటుబుక్కులు నిండాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను ముందు అడిగేది బైనాక్యులర్ గురించి. అది తర్వాత చూద్దాం. ముందు రూటు వేసుకోండి. ఇంటి నుంచి బయలుదేరి మళ్లీ ఇంటికి వచ్చేలా, కిలోమీటరు దాటకుండా. దాని మీద ఆరేడు స్టేజీలు పెట్టుకోండి. నావి ఇవి: ట్రాన్స్‌ఫార్మర్, మోరీ మలుపు, పాడుబడ్డ బావి, గుండ్లు, పెద్ద ఖాళీ ప్లాటు, వేపచెట్టు, నీళ్ల ట్యాంకు. ఒక్కో స్టేజీ దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా నిలబడాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ కనబడదు. మనం వచ్చిన అలికిడికి అన్నీ సర్దుకుని ఉంటాయి. మూడో నిమిషంలో ఎక్కడో కొమ్మ కదులుతుంది. చాలామంది రెండో నిమిషంలోనే వెళ్లిపోతారు. అందుకే వాళ్లకు కాకులు తప్ప ఏమీ కనబడవు.

కండక్టర్లకు ఎస్సార్ అని ఒక కాగితం ఉంటుంది. స్టేజీ రాగానే ఎంతమంది ఎక్కారో, ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో దాంట్లో రాయాలి. ఎవరూ ఎక్కకపోయినా ఆ గడి ఖాళీగా వదలకూడదు. నా నోటుబుక్కు కూడా అదే లెక్క. నిరుడు రాసిన ఒక ముక్క ఇది: "14 జులై, పొద్దున 6.20, మబ్బు. స్టేజీ 3. గిజిగాడు మగవి 9. గూళ్లు 14, పూర్తయినవి 5. స్టేజీ 4. ఏమీ లేదు, 0." ఆ సున్నా రాయడానికి మొదట్లో నాకూ చెయ్యి రాలేదు. కానీ సున్నా రాయకపోతే, ఆరోజు పిట్ట రాలేదా, లేక మనమే చూడలేదా అన్నది నెల తర్వాత తేలదు.

పేరు తెలియని పిట్ట కనబడితే పేరు కోసం టెన్షన్ పడకండి. పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా, కాకంత ఉందా అన్నది రాయండి. ముక్కు ఎట్లుంది, తోక ఎత్తి పట్టుకుందా, నేల మీద నడిచిందా, గెంతిందా, ఎక్కడ కూర్చుంది? రంగు అన్నిటికన్నా చివర. పొద్దుటి ఎండలో రంగు మోసం చేస్తుంది.

పాలపిట్ట సంగతే చూడండి. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు, దసరా రోజు దాన్ని చూడాలని ఊరంతా బయలుదేరుతుంది. మా వెంచర్‌లో తీగ మీద నీలం పిట్ట కనబడగానే అందరూ దండం పెట్టుకున్నారు. అది లకుముకి పిట్ట. నీళ్లుంటేనే ఉంటుందనుకుంటారు గానీ, తొండలూ మిడతలూ పట్టుకుని ఖాళీ ప్లాట్లలోనే హాయిగా బతుకుతుంది. దాని ముక్కు పొడుగ్గా, ఎర్రగా ఉంటుంది. గొంతు తెల్లగా ఉంటుంది. పాలపిట్ట ముక్కు నల్లగా ఉంటుంది, రొమ్ము మట్టిరంగు. కూర్చున్నప్పుడు పాలపిట్ట అంత అందంగా ఏమీ ఉండదు. రెక్క విప్పితేనే ఆ నీలం బయటపడుతుంది. దండం పెట్టుకున్నవాళ్లకు ఈ మాట నేను చెప్పలేదు. పండగపూట ఎందుకు?

ఫోన్లో మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లది, ఉచితం. కూత వినిపిస్తే పేరు చెబుతుంది. పనికొస్తుంది గానీ దాని మాటే వేదం అనుకోవద్దు. ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అది డేగ అని చూపించింది. తల పైకెత్తి చూస్తే తీగ మీద ఏట్రింత, అదే మన పసులపోలిగాడు, చీలిన తోక ఆడిస్తూ కూర్చుని ఉంది. డేగ కూతను అది అచ్చంగా దించేస్తుంది. యాప్ చెప్పింది కంటికి కనబడ్డాకే నోటుబుక్కులోకి ఎక్కించండి. కనబడకపోతే "విన్నది" అని పక్కన రాయండి.

బైనాక్యులర్ నేను మొదటి రెండేళ్లు కొనలేదు. కొంటే 8×40 లేదా 8×42 కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో అది. 40 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లది చేతిలో వణుకుతుంది, నా వయసువాళ్లకు మరీ. ఎగ్జిబిషన్‌లో ఇరవై రెట్లు, యాభై రెట్లు అని అమ్మేవాటి జోలికి పోవద్దు. ఇంకొక మాట, దాన్ని ఇళ్ల వైపు తిప్పకండి. మిద్దె మీద గోరింకను చూస్తుంటే, బట్టలారేసుకుంటున్న ఆడమనిషి భర్త కిందికి దిగి వచ్చాడు. నోటుబుక్కు చూపిస్తే గానీ వదల్లేదు. మిగతా జనానికి మాత్రం మీరు భూమి బ్రోకరే. "అన్నా, గీ ప్లాటు గజం ఎంత చెప్తున్నరు?" అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు.

ఇక మూడో స్టేజీ, బావి. దాని మీదికి వంగిన సర్కారు తుమ్మకు గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. గిజిగాళ్లను చూడాలంటే వాన మొదలయ్యాక వెళ్లండి. మిగతా కాలంలో ఇవి పిచ్చుకల్లా మామూలుగా ఉంటాయి. వానాకాలం రాగానే మగదాని నెత్తి పసుపు పూసినట్టవుతుంది. పోచ ఎట్లా తెస్తుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. గడ్డి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గర పట్టుకుని ఎగురుతుంది. ఎగిరిన కొద్దీ ఆకు నిలువునా చీలి, సన్నని దారంలా చేతికొస్తుంది, అదే ముక్కుకొస్తుంది. గూడు సగం కట్టేసరికి బోర్లించిన టోపీలా ఉంటుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపల దూరి చూస్తుంది. నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ టోపీ అట్లాగే వేలాడుతుంది, మగది పక్కన ఇంకోటి మొదలుపెడుతుంది. అందుకే పూర్తయిన గూళ్లు వేరుగా, సగం గూళ్లు వేరుగా లెక్క రాయమంటాను. మా ఆవిడ ఇది విని, "నాకు గట్ల చూసుకునే అవకాశం ఎవరిచ్చిన్రు?" అంది.

ఐదో స్టేజీలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మే నెలలో ఆ పెద్ద ప్లాటులో తీతువు గుడ్లు పెట్టింది. గూడంటూ ఏమీ లేదు, నేల మీద చిన్న గుంట, నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టి. కంకర రాళ్లకూ వాటికీ తేడా తెలియదు. తల్లి మోరీ నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అన్నమాట. రోజూ ట్రాక్టరు తిరుగుతోంది కదా, ఎక్కుతుందేమోనని చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి, కట్టెకు ఎర్రగుడ్డ కట్టాను. మరునాడు పొద్దుటికి గుడ్డ చూసి పిల్లలు మూగారు. మూడోనాడు గుడ్లు లేవు, మట్టిలో కుక్క అడుగులున్నాయి. తీతువులు రెండు రోజులు ఆ ప్లాటు మీద తిరిగి అరిచాయి. దాని అరుపు అపశకునం అంటారు గానీ, అది అరిచేది మనం దాని గుడ్ల దగ్గరికి పోతున్నామని.

ఆ తర్వాత గూటికి గుర్తు పెట్టడం మానేశాను. "స్తంభం నుంచి తూర్పుకు నలభై అడుగులు" అని నోటుబుక్కులో మాత్రమే రాస్తాను. ముప్పై అడుగుల అవతలే నిలబడతాను. అరుపు మొదలైతే వెనక్కి తిరుగుతాను. ఫోటో కోసం కొమ్మలు పక్కకు జరపొద్దు. గూడు దొరుకుతుందని కాకి మనల్నే కనిపెట్టి ఉంటుంది. ఎండాకాలంలో రెక్కలొచ్చిన పిల్ల కింద పడి కనబడితే ఇంటికి తేవద్దు. దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి దూరం జరగండి, తల్లి అక్కడే ఉంటుంది.

మొక్కలకు ఇంత ఓపిక అక్కర్లేదు, అవి ఎగిరిపోవు. కానీ ఎక్కువున్నాయి కాబట్టి తికమక. నా పద్ధతి చెప్తాను. ఒక హద్దురాయి ఎంచుకుని దాని చుట్టూ రెండడుగులు గీత గీయండి. ఏడాదంతా ఆ గీత లోపల మొలిచేదే చూడండి. నా రాయి చుట్టూ నిరుడు పందొమ్మిది రకాలు లెక్కతేలాయి. ఉత్తరేణి ఉందని చూడకముందే ప్యాంటుకు అంటుకున్న గింజలు చెప్పేశాయి. గడ్డిచేమంతి ఉంది, చిన్నప్పుడు దెబ్బ తగిలితే దీని రసమే పిండేవాళ్లు. పల్లేరు సంగతి చెప్పుతో నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు. తుత్తురబెండ కాయ చక్రంలా ఉంటుంది. రంగులో ముంచి గోడకు అద్దితే పువ్వు పడుతుంది, దాన్ని ముద్రబెండ అనేది అందుకే. వయ్యారిభామను మాత్రం వట్టి చేత్తో పీకొద్దు, దద్దుర్లొస్తాయి. ఏ ఆకునూ, గింజనూ నోట్లో పెట్టుకుని గుర్తుపట్టాలని చూడొద్దు. ఉమ్మెత్త, గురిగింజ రెండూ విషమే, రెండూ మా మోరీ పక్కనే ఉన్నాయి.

తంగేడు దగ్గర కాసేపు ఆగండి. రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చేది, అందరికీ తెలుసు. కానీ పూలు లేనప్పుడు కసిందను చూపించి తంగేడంటారు. ఆకు కాడ మొదట్లో చూడండి. తంగేడుకు అక్కడ గుండ్రటి చెవుల్లాంటి చిన్న ఆకులు, కాడకు అటొకటి ఇటొకటి ఉంటాయి. కసిందకు అవి ఉండవు. తర్వాత లేత ఆకులు మెల్లగా తిప్పి చూడండి. బియ్యపు నూకను నిలబెట్టినట్టు తెల్లని గుడ్డు ఒకటి కనబడొచ్చు. తెల్లటి రెక్కల్లో లేత ఆకుపచ్చ ఛాయ ఉండే సీతాకోకచిలుక పెట్టింది అది. నాలుగు రోజుల తర్వాత అదే కొమ్మకు రండి. ఆకు రంగులోనే ఉన్న పురుగు ఆకు అంచుకు అతుక్కుని తింటుంటుంది. పురుగు పట్టిందని మందు కొట్టకండి. మా పక్కింటాయన కొట్టాడు. ఆ ఏడు ఆయన గేటు ముందు సీతాకోకలూ లేవు, వాటి పురుగులకు వచ్చే పిట్టలూ లేవు.

మొక్కల పేర్లకు నాకు యాప్ కన్నా గొర్లకాపరి ఎక్కువ ఉపయోగపడ్డాడు. ఏది గొర్రె తింటుంది, ఏది ముట్టదు అని అడగండి, పేరు దానంతటదే వస్తుంది. కాకపోతే ఒకే పేరు రెండూళ్లలో రెండు మొక్కలకు ఉంటుంది. ఎవరు చెప్పారో, ఏ ఊరివాళ్లో పక్కన రాసుకోండి.

ఎప్పుడు ఏది చూడాలన్నదానికి నాకు ఇంగ్లీషు నెలల కన్నా కార్తెలే గుర్తుంటాయి. ఆరుద్రకు వాన పడితే ఎర్రమట్టిలో మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు. బర్ల వెంట తిరిగే తెల్లకొంగలకు అప్పటికే తలకూ మెడకూ పసుపు కలిసిన నారింజ రంగు వచ్చి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో కాకి వెంటపడి తిండి అడిగే పిల్లను గమనించండి, అది కాకిపిల్ల కాదు, కోయిల పిల్ల. చలికాలంలో తోకాడించే పిట్టలు, జొన్న చేల మీద పలిస పిట్టల (గులాబీరంగు గోరింకల) గుంపులు. ఎండలు ముదిరితే ఖర్చులేని పని ఒకటుంది. లోతు తక్కువున్న మట్టిపాత్రలో నీళ్లు, మధ్యలో ఒక రాయి. రోజూ కడగాలి, లేకపోతే పెట్టకపోవడమే మేలు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలు లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది. పదిహేను నిమిషాలు చూసి, పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించినా చాలు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు మన నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర కూడా తిరిగారట. మన్ననూరులో నేను ఎన్ని వందల సార్లు బండి ఆపి చాయ్ తాగానో. ఒక్కసారి కూడా తల పైకెత్తలేదు. లెక్కంతా బస్సు లోపలిదే.

పోయిన ఎండాకాలంలో బావి ఉన్న ప్లాటు అమ్ముడుపోయింది. జేసీబీ వచ్చి తుమ్మ పీకేసి, బావి పూడ్చేసింది. మూడో స్టేజీ మాత్రం నేను తీసేయలేదు. వానాకాలమంతా అక్కడ ఐదు నిమిషాలు నిలబడి "గిజిగాడు 0, గూళ్లు 0" అనే రాశాను. సెప్టెంబరు 22న దాని కింద ఇంకో గీత చేరింది: "పునాది గుంతలో వాననీళ్లు. తోకాడించే పిట్ట 1."